టెండర్‌లో పర్యావరణ షరతులు రాస్తున్నాం, సరుకులో మాత్రం తేడా లేదు. ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న:
నేను ఒక ప్రభుత్వ సంస్థలో కొనుగోళ్లు చూస్తాను. రెండేళ్లుగా ప్రతి టెండర్‌లోనూ పర్యావరణ షరతులు పెడుతున్నాం. మొన్న కుర్చీలు వచ్చాయి, ప్యాకింగ్ తిరిగి వాడుకునేలా ఉండాలని స్పష్టంగా రాశాం కూడా, తీరా చూస్తే ఒక్కో కుర్చీకి థర్మాకోల్ పెట్టి దానిపైన ప్లాస్టిక్ చుట్టి పంపారు, స్టోర్స్‌లో లెక్కపెట్టుకుని సంతకం చేసేశారు. చాలా బాధేసింది. నిజంగా మార్పు తెచ్చేది ఏంటి? శిక్షణా, పై అధికారుల అండా, సప్లయర్లా?

జవాబు 1:
సంతకం చేసినాయనకి ఆ షరతు ఉందని తెలుసా అండీ? టెండర్ రాసేది ఒకరు, సరుకు దించుకునేది ఇంకొకరు, బిల్లు పాస్ చేసేది మరొకరు. మేం పర్యావరణ షరతులన్నీ ఒకే పేజీలో రాసి పర్చేజ్ ఆర్డర్‌తో పాటు స్టోర్స్‌కి కూడా పంపడం మొదలుపెట్టాం. ప్యాకింగ్ తేడాగా ఉంటే సప్లయరే వెనక్కి తీసుకెళ్లాలి, అప్పటిదాకా బిల్లు కదలదు అని కాంట్రాక్టులోనే ఉంటుంది. శిక్షణ కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

జవాబు 2:
పైమాట నిజమే, కానీ తక్కువ కోట్ చేసినవాళ్లకే ఆర్డర్ అన్నంతకాలం మంచి సప్లయర్ మీ దాకా రాడు. ప్రింటర్ కొంటే దాని ధర ఒక్కటే కాదు కదా, కరెంటు, టోనర్, రిపేర్లు, చివర్లో పారేసే ఖర్చు అన్నీ కలిపి పోల్చాలి. యూరోపియన్ యూనియన్ 2014 కొనుగోళ్ల డైరెక్టివ్‌లో, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశంలో, ఈ లెక్కకి దారి ఉంది. నెదర్లాండ్స్‌లో 2009లో మొదలైన సీఓటూ పెర్ఫార్మెన్స్ ల్యాడర్ ఇంకా బాగుంటుంది: కర్బన ఉద్గారాలు తగ్గించుకుంటూ పై మెట్టుకి చేరిన కంపెనీ బిడ్‌ని, పోల్చేటప్పుడు మాత్రం, కొంత తక్కువ ధరగా లెక్కేస్తారు, చెల్లించేది మాత్రం వాళ్లు కోట్ చేసిన ధరే.
ఇంకోటి, ఐఎస్ఓ 20400 సర్టిఫికెట్ కావాలని టెండర్‌లో అడగకండి. 2017లో వచ్చిన ఆ సుస్థిర కొనుగోళ్ల అంతర్జాతీయ ప్రమాణం మార్గదర్శకం మాత్రమే, దానికి సర్టిఫికేషన్ ఉండదు.

జవాబు 3:
సప్లయర్లతో టెండర్‌కి ముందే మాట్లాడండి. డ్రాఫ్ట్ షరతులు అందరికీ ఒకేలా కనిపించేలా పెట్టి ఏది సాధ్యం, ఏది కాదు అని అడిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఫలానా ఎకోలేబుల్ (పర్యావరణానికి మేలైన సరుకని ధ్రువీకరించే గుర్తు) అని రాసినప్పుడు 'లేదా దానికి సమానమైన రుజువు' అని కూడా చేర్చండి, లేకపోతే ఫీజు కట్టలేని చిన్న సప్లయర్లు బయటే ఉండిపోతారు. పై అధికారుల అండ ఎక్కడ కావాలంటే, బిల్లు ఆపినరోజు.

ప్రశ్న అడిగినవారు:
ఇందాకే స్టోర్స్‌లో అడిగాను. వాళ్లకి వెళ్లిన కాగితంలో ఐటమ్ పేరు, సంఖ్య తప్ప ఇంకేం లేవు. కుర్చీల బిల్లు ఇంకా పాస్ కాలేదు, రేపు ఫైల్ తెప్పించుకుంటున్నాను. మొదటి జవాబు ఇచ్చినవారు ఆ ఒక్క పేజీ నమూనా పెట్టగలరా?