అప్‌డేట్: పక్షవాతం వచ్చిన నాన్నగారికి ఇంట్లో వ్యాయామాలు

ఎడమవైపు చచ్చుబడిన నాన్నగారిని రాజాంలో ఇంటికి తెచ్చాక ఏం చేయాలని మూడు నెలల క్రితం అడిగాను. మీరు చెప్పినట్టే వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టును పిలిపించి, మిగిలిన రోజుల్లో ఆయన నేర్పిన వ్యాయామాలను అమ్మా నేనూ చేయిస్తున్నాము. మొదట్లో మంచం మీద నుంచి లేపడానికి ఆ పట్టులేని చేతినే పట్టుకుని లాగేవాళ్లము. అలా లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉందని తెలిశాక, నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి లేపుతున్నాము. నీళ్లు పొలమారుతున్నందున, మింగడాన్ని పరీక్షించిన వైద్యుల సలహాతో, నిటారుగా కూర్చోబెట్టి చిక్కటి చోడి (రాగి) అంబలి చెంచాతో పడుతున్నాము, ఒకటి మింగాకే మరొకటి. ఆరు నెలలు దాటితే మార్పు రాదని బంధువులంటున్నారు గానీ, ఆ తర్వాత కూడా నెమ్మదిగా మెరుగుదల ఉంటుందట. కారణం లేకుండా ఏడవడమూ జబ్బులో భాగమేనని తెలియక ఆయనను కసిరిన రోజులున్నాయి. నిన్న నాలుగుకాళ్ల కర్రతో గుమ్మం దాకా నడిచి, అరుగు మీద కాసేపు కూర్చున్నారు.