గడ్డకట్టిన నీళ్ళలోకి దిగే శిక్షణ: అందరికా, ప్రత్యేక దళానికేనా?

గట్టుమీద:

మా స్టేషన్‌లో ఈ చలికాలం మొదలైనప్పటి నుంచీ తెగని వాదన ఇది. ఇక్కడ అగ్నిమాపక, అంబులెన్సు, పోలీసు పనుల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

గడ్డకట్టిన చెరువులో మనిషి పడ్డాడని కాల్ వస్తే ముందు చేరేది మామూలు ఫైరింజన్. ఐస్ సూట్లు (చలినీళ్ళు లోపలికి రాకుండా ఒళ్ళంతా కప్పే దుస్తులు), మంచు మీద జారే స్లెడ్జి అన్నీ ఉన్న ప్రత్యేక దళం ఆ వెనక ఎప్పటికో వస్తుంది. నీళ్ళలోకి దిగే శిక్షణ ఆ దళానికి ఉంటే చాలునని పై అధికారులు అంటున్నారు. ముందు చేరే ప్రతివాళ్ళకీ ఉండాలని నేనంటాను.

చలినీళ్ళలో శరీరం ఏమవుతుందో తన మీదే ప్రయోగాలు చేసుకుని చూసిన ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ (మానిటోబా విశ్వవిద్యాలయం) 1-10-1 అని ఒక లెక్క చెప్పాడు. పడిన మొదటి 1 నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస. అప్పుడు తల నీళ్ళ కింద ఉంటే ఊపిరితో పాటు నీళ్ళూ పోతాయి. ఆ తర్వాత ఓ 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పినమాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఇప్పుడు మన వైపు లెక్క వేయండి. ఎవరో చూసి ఫోన్ చేసి, మనం బండెక్కి గట్టుకు చేరేసరికి ఆ 10 నిమిషాలూ కరిగిపోతాయి. మనం విసిరిన తాడు సరిగ్గా భుజం మీదే పడ్డా, పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకోవు.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం మంచు కట్టిన పొటోమాక్ నదిలో కూలినప్పుడు జరిగింది ఇదే. హెలికాప్టర్ నుంచి తాడు అందినా ఒక మహిళ చేతుల్లో అది నిలవలేదు. ఒడ్డున ఉన్న లెన్నీ స్కట్నిక్ అనే ప్రభుత్వోద్యోగి కోటూ బూట్లూ విప్పేసి దూకి ఆమెను గట్టుకు చేర్చాడు. తాడు పనిచేయనప్పుడు ఎవరో ఒకరు దిగక తప్పదు. ఆ ఒకరు శిక్షణ ఉన్న మనిషి కావద్దా?

తాడుపట్టినవాడు:

గట్టుమీద గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ 12 ఏళ్ళుగా ఈ శిక్షణ ఇస్తున్నవాడిగా మీతో ఏకీభవించలేను.

ఒక మనిషి నీళ్ళలోకి దిగడమంటే ఒక మనిషి పని కాదండీ. దిగినవాడి నడుముకు తాడుంటుంది, ఆ తాడును గట్టున ఒకరు చూడాలి. దిగినవాడికి ఏమైనా అయితే వెళ్ళడానికి ఇంకొకరు సూటు తొడుక్కుని సిద్ధంగా ఉండాలి. ఇదంతా చూస్తూ ఆదేశాలిచ్చేవాడు వేరే ఉండాలి. మీ ఫైరింజన్‌లో ఎంతమంది వస్తారు? అందులో ఒకరు రేడియో దగ్గరే ఉంటారు కదా.

రెండోది, ఈ విద్య చేతికి పట్టినంత తొందరగానే చెయ్యి జారుతుంది. మనిషి పడిన దారిలోనే నేరుగా వెళ్ళకూడదు, అక్కడ మంచు అప్పటికే చిట్లి ఉంటుంది. పక్కగా, బోర్లా పడుకుని, బరువు పరుచుకుంటూ పాకాలి. నీళ్ళలోకి అతని వెనక నుంచి దిగాలి. ముందు నుంచి వెళ్తే మన మెడ పట్టుకుని ఇద్దర్నీ ముంచుతాడు. అతని చుట్టూ పట్టీ వేశాక మనం చెయ్యెత్తితే గట్టువాళ్ళు లాగాలి, అదీ మెల్లగా, లేకపోతే మంచు అంచు విరుగుతూ పోతుంది. మంచును చూసి పోల్చుకోవడం ఇంకో చదువు. లోపలి నీరు నల్లగా కనబడేంత స్వచ్ఛమైన మంచుతో పోలిస్తే పాలతెలుపు మంచుకు సగం బలమే. ఇవన్నీ తరగతి గదిలో తల ఊపినంత తేలిగ్గా చీకట్లో, గాలిలో రావు. రెండు రోజులు నేర్పి, ఏడాదంతా నీళ్ళ మొహం చూడనివాణ్ణి దింపితే మనం ధైర్యం ఇచ్చినట్టే కానీ నేర్పు ఇచ్చినట్టు కాదు. ఆ ధైర్యమే నన్ను భయపెడుతుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు మెడ దగ్గర జిప్పు సరిగ్గా వేసుకోక సూటులోకి నీళ్ళు నింపుకున్నాడు. అభ్యాసం కాబట్టి వెంటనే లాగేశాం. ఆ పూటంతా నా గుండె దడ తగ్గలేదు.

వేకువ:

శిక్షణ లేనివాళ్ళు ఆగుతారని ఎందుకనుకుంటున్నారన్నా? 2022 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో గడ్డకట్టిన చెరువులో పిల్లలు పడిపోతే, అక్కడికి చేరిన ఒక పోలీసు పిడికిళ్ళతో మంచు పగలగొట్టుకుంటూ వెళ్ళబోయాడు. నలుగురు పిల్లలు దక్కలేదు. పిల్లలు కళ్ళ ముందు మునుగుతుంటే 'నా స్థాయి ఇది కాదు' అని నిలబడే మనిషిని నేను చూడలేదు. వద్దన్నా దిగేవాళ్ళకు దిగడం నేర్పకపోవడం ఏం జాగ్రత్త?

తాడుపట్టినవాడు:

నిలబడ్డవాళ్ళూ ఉన్నారమ్మా. 2011లో కాలిఫోర్నియాలోని అలమెడా తీరంలో ఒకాయన మెడలోతు చల్లటి నీళ్ళలో దాదాపు గంటసేపు ఉంటే అగ్నిమాపక సిబ్బందీ పోలీసులూ ఒడ్డునే ఉండిపోయారు. ఖర్చు తగ్గించుకోవడానికి నీటి శిక్షణ ఆపేశారు, శిక్షణ లేదు కాబట్టి దిగడానికి వీల్లేదని నియమం. ఆయన చనిపోయాడు. ఇది నా వాదనకు ఎదురే వస్తుంది, తెలుసు. అయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

రాత్రిడ్యూటీ:

ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. ఎవరు దిగాలన్నది మీరు తేల్చుకోండి, బయటికి తీశాక ఏం చేయాలన్నది మాత్రం అందరికీ నేర్పండి. దీని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు.

నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ ఒత్తిడి కాళ్ళను నొక్కిపెట్టి రక్తాన్ని పైకి నిలుపుతుంది. నిలువునా లాగేసరికి ఆ ఆసరా పోయి రక్తపోటు పడిపోతుంది. అంతవరకూ మాట్లాడుతున్న మనిషి గట్టుమీదే కుప్పకూలొచ్చు. అందుకే వీలైనంతవరకు అడ్డంగా, పడుకోబెట్టినట్టే తీయాలి. నడిపించకూడదు, చేతులూ కాళ్ళూ రుద్దకూడదు. ఒంటి వేడి 28 డిగ్రీల సెల్సియస్‌కు దిగిన మనిషి గుండెను చిన్న కుదుపు కూడా లయ తప్పించగలదు. తడిబట్టలు కత్తిరించి, పొడిగా చుట్టి, పడుకోబెట్టే తేవాలి.

చల్లబడ్డాడు, నాడి దొరకడం లేదు అని వదిలేయకండి. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోల్మ్ అనే వైద్యురాలు స్కీయింగ్ చేస్తూ వాగులో పడి 80 నిమిషాలు మంచు కింద ఇరుక్కుంది. ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. గుండె ఆగిన ఆ మనిషికి ఛాతీ నొక్కడం ఆపకుండా ఆసుపత్రికి చేర్చారు, అక్కడ యంత్రంతో రక్తాన్ని వేడి చేశారు. ఆమె బతికింది, మళ్ళీ ఉద్యోగంలో చేరింది.

కాల్‌తీసేమనిషి:

మీ అందరికంటే ముందు ఆ చెరువు దగ్గర ఉండేది నేను, ఫోన్‌లో. మాకు ఇచ్చిన శిక్షణలో మంచునీళ్ళ గురించి ఉన్నది ఒకటే ముక్క: బండి పంపడం. మొన్నమొన్నటి దాకా ఫోన్ చేసినవాళ్ళకు 'కంగారు పడకండి, వస్తున్నారు' అనేదాన్ని. ఆ మాట చెప్తున్నప్పుడే వాళ్ళు తామే మంచు మీదికి నడిచి వెళ్తున్న చప్పుడు వినబడేది.

ఇప్పుడు సొంతంగా నేర్చుకుని చెప్తున్నాను. మీరు మంచు మీదికి వెళ్ళొద్దు, గట్టుమీద నుంచే గట్టిగా అరిచి అతనికి చెప్పండి. వచ్చిన వైపుకే తిరగమనండి, అటువైపు మంచు అంతదాకా మోసింది కదా. కాళ్ళు వెనక్కి చాచి ఈతలా తన్నుతూ పొట్ట మీద పైకి జారమనండి, లేవకుండా దొర్లుతూ రమ్మనండి. ఎక్కలేకపోతే రెండు చేతులూ మంచు మీద చాచి కదలకుండా ఉండమనండి. చొక్కా చేతులు మంచుకు అతుక్కుపోతే స్పృహ తప్పినా తల నీళ్ళ పైనే ఉంటుంది. గట్టుమీద గారు చెప్పిన ఆ గంట అతనికి దక్కేది ఇలాగే.

గట్టుమీద:

ఇది నాకు తట్టలేదండీ. 10 నిమిషాలు దాటితే మనం దిగాల్సిందే అనుకున్నాను, చేతులు అతికించుకునే ఉపాయం వినలేదు. అయితే ఆ గంట మీద నమ్మకం పెట్టుకుని దళం కోసం ఎదురుచూడటానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. అప్పటికే అలిసిపోయినవాడో, చిన్నపిల్లో అయితే చేతులు అంచు మీద నిలవవు. కనీసం బండికి రెండు సూట్లు, వాటిని వాడగల ఇద్దరు ప్రతి షిఫ్టులో ఉండాలి. ఈ మాట మీద గట్టిగానే ఉన్నాను.

తాడుపట్టినవాడు:

ఇద్దరంటే ఒప్పుకుంటాను, అందరూ అంటే కాదు. అదీ ఒక షరతు మీద: ఆ ఇద్దరూ చలికాలం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి నిజమైన చెరువులో, రాత్రిపూట కూడా దిగాలి. దిగనివాళ్ళ పేరు ఆ ఏడాదికి కొట్టేయాలి. మిగతా అందరికీ, పోలీసులతో సహా, గట్టు పని: లైఫ్ జాకెట్ లేకుండా నీటి దగ్గరికి పోకపోవడం, కర్ర చాచడం, తాడు విసరడం, దిగినవాడి తాడు పట్టడం. తాడు విసిరే అభ్యాసం ఎండలో కాదు, చేతులు ఐసునీళ్ళలో ముంచి తీసి చేయించండి. మొదటిసారి చేయించినప్పుడు నా దగ్గరున్న అనుభవజ్ఞులే ముడి విప్పలేకపోయారు.

వేకువ:

కొట్టేసిన పేర్ల బదులు కొత్తవాళ్ళు దొరకని ఏడాది ఏం చేస్తారు? అలమెడాలో మొదలైంది అక్కడే కదా.