పారిస్ వస్తున్నాను, ఫ్రెంచివాళ్ళకి నిజంగానే పొగరా?

కొత్త విద్యార్థి:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో మాస్టర్స్‌కి పారిస్ వస్తున్నాను. ఎవరినడిగినా ఒకటే మాట: ఫ్రెంచివాళ్ళకి పొగరు, ఇంగ్లీషు వచ్చినా మాట్లాడరు, టూరిస్టులంటే చిరాకు అని. వచ్చే వేసవిలో అమ్మానాన్నల్ని కూడా తీసుకొచ్చి తిప్పుదామని ఉంది. అది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

పదకొండేళ్ళుగా ఇక్కడే:
తమ్ముడూ, నేనూ ఆ మాటలు మూటగట్టుకునే దిగాను. మొదటి వారం మా వీధి చివర బేకరీకి వెళ్ళి, నేరుగా బాగెట్ (పొడుగాటి ఫ్రెంచి రొట్టె) వైపు వేలు చూపించి "వన్ ప్లీజ్" అన్నాను. కౌంటర్ దగ్గరావిడ కదల్లేదు. "బోంజూర్" (నమస్కారం) అంది. నేను మళ్ళీ వేలు చూపించాను. ఆవిడ ఈసారి ఒత్తి పలుకుతూ "బోంజూర్ మెస్యో" అంది. వెక్కిరిస్తోందనుకుని రూముకొచ్చి తిట్టుకున్నాను. నాలుగు నెలలయ్యాక మా ల్యాబ్‌లో ఒకాయన నవ్వి, "పలకరించకుండా పని చెప్పింది నువ్వు, ఆవిడ లెక్కలో పొగరు నీది" అన్నాడు.

దుకాణంలో అడుగు పెట్టగానే, బస్సెక్కగానే డ్రైవరుకి, మెట్ల మీద పక్కింటివాళ్ళకి, ముందు బోంజూర్. సాయంత్రమైతే బోంస్వార్. తర్వాత ఇంగ్లీషులో అడుగు, చాలామంది వచ్చినంతలో సాయం చేస్తారు. చిరాకు మనుషులు ఇక్కడా ఉంటారనుకో, మన రైల్వే కౌంటర్లలో లేరా?

అసలు గొడవ మా నాన్నగారు వచ్చినప్పుడు, హోటల్లో. తిని అరగంటైనా బిల్లు రాలేదు. "మనల్ని లెక్కచేయట్లేదురా" అన్నారు. ఇక్కడ అడక్కుండా బిల్లు పెడితే లేచి వెళ్ళమన్నట్టు. "లాదిసియోఁ, సిల్ వు ప్లే" (బిల్లు ఇవ్వండి) అన్నాక క్షణంలో వచ్చింది. వెయిటర్‌ని చిటికేసి మాత్రం పిలవకు. నీళ్ళ సీసాకి డబ్బులు, కానీ "ఉన్ కరాఫ్ దో" అంటే భోజనంతో కుళాయి నీళ్ళు ఉచితం, చట్టమే ఉంది. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలాచోట్ల వంట ఆపేస్తారు, మళ్ళీ రాత్రి ఏడుకే. మనవాళ్ళు మూడున్నరకి ఆకలితో వెళ్ళి "మనల్ని చూసే లేదన్నాడు" అనుకునేది ఇక్కడే.

యానాం ఆడపడుచు:
అన్నయ్య చెప్పింది నిజమే గానీ కాస్త తీపి ఎక్కువైంది. రంగు చూసి గొంతు మార్చేవాళ్ళు నాకు రెండుసార్లు తగిలారు, ఎంత బోంజూర్ చెప్పినా. అలాగని ఎదురైన ప్రతి ముఖంలో అదే వెతుక్కుంటే ఊరు చూడలేం. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలనే కదా, నేను బోంజూర్ అనందే తాతగారు బిస్కెట్ ఇచ్చేవారు కాదు. అదిక్కడ పనికొచ్చింది!

మనవాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. మెట్రోలో స్పీకర్ ఫోన్ పెట్టి ఊళ్ళో వాళ్ళతో మాట్లాడతారు, పెట్టె అంతా తిరిగి చూస్తుంది. తర్వాత ఫ్రెంచివాళ్ళకి చిరాకెక్కువంటారు.

ఇంకోటి. సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టి డబ్బులడిగేవాళ్ళుంటారు. వాళ్ళకి బోంజూర్ కూడా వద్దు, చేతులు జేబులో పెట్టుకుని నడిచేయ్.

కొత్త విద్యార్థి:
థాంక్స్ అన్నయ్యా, అక్కా. నాన్నకి ఇప్పట్నుంచే నేర్పిస్తున్నాను. "బంజూరు" అంటున్నారు. పర్లేదా?

పదకొండేళ్ళుగా ఇక్కడే:
పర్లేదు, బాగెట్ ఇచ్చేస్తారు. లూవ్ర్ మ్యూజియంకి మంగళవారం సెలవు, ఆయనకి ఆ రోజు పెట్టుకోకు.