అప్‌డేట్: పొగమంచులో గుద్దుకుని కాలిన బళ్లు, బ్రేకు నొక్కారో లేదో తెలిసేదెలా?

మొన్న అడిగింది నేనే. 2023 అక్టోబర్ 23న అమెరికాలో, లూసియానాలోని మంచాక్ దగ్గర ఐ-55 హైవే వంతెన మీద 150కి పైగా బళ్లు గుద్దుకున్నాయి కదా, కొన్ని కాలిపోయాయి కూడా. ఆ బూడిదలో ఏం చూసి తేలుస్తారు అని నా ప్రశ్న. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.

ఒట్టి మంచే అనుకున్నా, పొరపాటు. చిత్తడి నేలలో రగులుతున్న మంటల పొగ తెల్లవారి మంచుతో కలిసి ‘సూపర్ ఫాగ్’ అయింది. అందులో పది అడుగుల అవతల ఏముందో కనపడదు. బానెట్ చివర కనిపిస్తే అదృష్టమే!

ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో గుద్దుకునే ముందు దాదాపు 5 సెకన్ల వేగం, బ్రేకు వివరాలు ఉంటాయట, అది కాలిపోకుండా మిగిలితే.

నాకు మాత్రం బల్బు సంగతే తెగ నచ్చింది. పాతరకం బ్రేక్ లైట్ బల్బు వెలుగుతుండగా దెబ్బ తగిలితే, వేడి మీదున్న తీగ సాగి వంకర పోతుంది. ఆరి ఉంటే పుటుక్కున తెగుతుంది. బ్రేకు నొక్కాడో లేదో ఆ వెంట్రుకంత తీగే చెప్పేస్తుందన్నమాట. ఎల్‌ఈడీ లైట్లయితే ఈ కిటుకు పారదు.

నిన్న మెకానిక్ షెడ్డులో, వెనక గుద్దించుకున్న ఓ పాత కారు బ్రేక్ లైట్ బల్బు అడిగి తెచ్చుకున్నా. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశా. తీగ ఉయ్యాలలా కిందికి జారి ఉంది.