వానపాము పట్టీ పుస్తకంలో 14–16, నా దగ్గరున్నదానికి 13–17: రికార్డులో ఏది రాయాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను, జువాలజీ. రికార్డు కోసం రెండు వానపాములు తీసుకున్నా. ఒకటి వాన పడ్డాక ఇంటి వెనక మట్టిలో దొరికింది, రెండోది మేడ మీద అమ్మ పెట్టిన వర్మీకంపోస్ట్ తొట్టిలోది, అమ్మినవాళ్లు ఐసీనియా అన్నారట. మట్టిదానికి క్లైటెల్లమ్ (ఒంటి చుట్టూ మందంగా ఉండే పట్టీ) 13 నుంచి 17వ ఖండితం (ఒంటి మీది వలయం) దాకా వస్తోంది, తొట్టిదానికి 14 నుంచి 18 దాకా. పుస్తకంలో 14, 15, 16 అనే ఉంది. లెక్క తప్పుతున్నానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట. పుస్తకానికి సరిపోయేలా నీ లెక్క మార్చకు. 14–16 అనేది మెటాఫైర్ పోస్తుమాకి, అంటే మనం పాఠాల్లో ఫెరిటిమా అని చదువుకునేదానికి, దాని గుంపుకి చెందిన లెక్క, అన్ని వానపాములకూ కాదు (ఆ పెద్ద ప్రజాతిని 1972లో విడగొట్టారు, పాత పేరు మాత్రం పాఠాల్లో ఉండిపోయింది). జాతిని బట్టి పట్టీ చోటు మారుతుంది, గుర్తుపట్టడానికి మొదటి ఆధారమే అది.

లెక్క ఎక్కడ మొదలుపెట్టావో మళ్లీ చూడు. నోటి పైన ముందుకు పొడుచుకొచ్చిన చిన్న కండ ఖండితం కాదు, నోరున్న వలయమే ఒకటి. తర్వాత భూతద్దంతో శూకాలు (ఒంటి మీది సన్నని ముళ్లు) చూడు, ఖండితం చుట్టూ వలయంలా ఉన్నాయా, లేక జతలు జతలుగా ఎనిమిదే ఉన్నాయా? కడుపు వైపు 18వ ఖండితం మీద పురుష జననరంధ్రాలు కనపడాలి. 5వ ఖండితం నుంచి 9వ దాకా మధ్య గాళ్లలో శుక్రగ్రాహికల (జతకట్టినప్పుడు అందుకున్న శుక్రకణాలను దాచే సంచుల) రంధ్రాలు ఎన్ని జతలో కూడా చూడు, పోస్తుమాకైతే నాలుగు. రంగు, పొడవు పక్కన పెట్టు, తడిని బట్టి, వయసును బట్టి అవి మారుతూనే ఉంటాయి.

ఇంకొకరి జవాబు: తొట్టిదాని గురించి చెప్తాను, మిద్దె తోటవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది. ఐసీనియా ఫెటిడా అయితే పట్టీ బాగా వెనక, 24–26 దగ్గర మొదలై 32 దాకా పోతుంది, ఒంటి మీద అడ్డచారలు కూడా ఉంటాయి. 14–18 అంటే అది యూడ్రిలస్ యూజీనియే, ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. వెలుతురులో వీపు ఊదారంగుగా మెరుస్తుంది. రెండిటినీ ఎర్రలనే అమ్ముతారు కాబట్టి పేరు కలిసిపోతుంది. ఐసీనియా చల్లని దేశాల జాతి, మన ఏప్రిల్, మే ఎండలకు తొట్టిని నీడలో పెట్టకపోతే ఏ జాతీ బతకదు, అమ్మగారికి చెప్పండి.

ప్రశ్నించినవారు: ఇప్పుడే చూశాను అన్నా. మట్టిదానికి శూకాలు వలయంలా ఉన్నాయి, 18 మీద రెండు రంధ్రాలున్నాయి, శుక్రగ్రాహికలవి మూడు జతలే, 6/7 (అంటే 6, 7 ఖండితాల మధ్య) నుంచి 8/9 దాకా. తొట్టిదానికి ఎనిమిది శూకాలే. కోసి చూడాలా?

జవాబు: ఇంత ఓపిగ్గా చూశావు, చాలా సంతోషం. 13–17, మూడు జతలు, వలయంగా శూకాలు, ఇవన్నీ లాంపిటో మారిటీకి సరిపోతాయి, మన నేలల్లో బాగా కనపడే జాతి అది, పాత పుస్తకాల్లో మెగాస్కోలెక్స్ అని ఉంటుంది. కోసేదైతే ఒకటే చూడు, ఫెరిటిమా గుంపుకు 26వ ఖండితం దగ్గర పేగు నుంచి ముందుకు వచ్చే జత అంధనాళాలు (కొన మూసుకుపోయిన గొట్టాలు) ఉంటాయి, లాంపిటోకి ఉండవు. బతికుండగా కోయకు, నీళ్లలో కొంచెం కొంచెంగా ఆల్కహాల్ కలుపుతూ కదలిక పూర్తిగా ఆగేదాకా ఉంచు. వీపు మధ్య నల్లగా కనపడే గీత రక్తనాళం, దానికి కాస్త పక్కన కోయి.

రికార్డులో పోస్తుమా బొమ్మ దించేయకుండా నువ్వు చూసిన ఖండితాల సంఖ్యలే వేసి, మట్టిది లాంపిటో, కుటుంబం మెగాస్కోలెసిడే, తొట్టిది యూడ్రిలస్, కుటుంబం యూడ్రిలిడే అని రాయి. పట్టీ లేని పిల్ల వానపాములు దొరికితే వాటికి జాతి పేరు పెట్టకు.