అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో అమ్మను సరిగ్గా చూసుకుంటున్నారో లేదో ఏం చూసి తేల్చుకోవాలి?

పొద్దుతిరుగుడు:

అందరికీ నమస్కారం. అమ్మకు 81 ఏళ్లు. అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో చేరి ఇది నాలుగో నెల. వాకర్‌తో నడుస్తుంది. స్నానానికీ బట్టలు మార్చుకోవడానికీ ఒకరి సాయం కావాలి. మతిమరుపు కొద్దిగా మొదలైంది. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర, రాత్రి నిద్రకు ఒక మాత్ర వాడుతుంది.

గది శుభ్రంగానే ఉంటుంది, సిబ్బంది మర్యాదగానే మాట్లాడతారు. అయినా రెండు విషయాలు మింగుడుపడటం లేదు. చేరిన రోజు 60 కిలోలున్న మనిషి మూడు నెలలకు 55.5 కిలోలకు దిగింది. పగలు ఎప్పుడు వెళ్లినా కుర్చీలో తల వాల్చి కునికిపాట్లు పడుతోంది. అడిగితే "పెద్ద వయసు, కొత్త చోటు కదండీ, సర్దుకుంటారు" అంటున్నారు. ఇది వయసేనా, చూసుకోవడంలో లోపమా? వారానికి రెండుసార్లు వెళ్లి వచ్చే మేం దేన్ని బట్టి తేల్చుకోవాలి? గట్టిగా అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనన్న భయం కూడా ఉంది.

నైట్‌షిఫ్ట్:

ముందు లెక్క చూద్దాం. 60లో 4.5 కిలోలంటే 7.5 శాతం. అనుకోకుండా ఒక నెలలో 5 శాతం, మూడు నెలల్లో 7.5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే వృద్ధుల సంరక్షణలో దాన్ని పట్టించుకుని తీరాల్సిన తగ్గుదలగా లెక్కిస్తారు. మీ అమ్మగారు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. కాబట్టి "సర్దుకుంటారు" అన్నది జవాబే కాదండీ. డాక్టరుకు ఎప్పుడు చెప్పారు, ఆయన ఏమన్నారు, ఆ తర్వాత ఏం మార్చారు? వీటికి సమాధానం రావాలి. రెండుసార్లూ ఒకే తూకం మీద, ఇంచుమించు ఒకే రకం బట్టలతో తూచారా అని కూడా కనుక్కోండి. కాళ్ల వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర మధ్యలో మొదలుపెట్టి ఉంటే, నీరు పోయి బరువు తగ్గి ఉండొచ్చు.

"బాగానే తిన్నారు" అన్న మాట మీద ఆధారపడకండి. భోజనం వేళకు వెళ్లి మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చోండి. పళ్లెంలో ఏం పెట్టారన్న దానికన్నా పళ్లెం ఆవిడ ముందు ఎంతసేపు ఉంటోందన్నది చూడండి. నెమ్మదిగా తినేవారికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. ఒక్క ఆయా నలుగురిని చూసుకుంటూ ఇరవై నిమిషాలకే పళ్లాలు ఎత్తేస్తుంటే రోజూ సగం తిండే కడుపులోకి వెళ్తుంది. అక్కడ ఎవరికీ దురుద్దేశం ఉండదు, చేతులు చాలవు, అంతే. ఆ తర్వాత నోరు చూడండి. కట్టుడు పళ్లుంటే మనిషి చిక్కినప్పుడు అవి వదులవుతాయి. వదులైతే నమలలేరు, నమలలేక ఇంకా చిక్కుతారు. తాగేటప్పుడు దగ్గు రావడం, తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, బుగ్గలో ముద్ద మిగిలిపోవడం కనిపిస్తే మింగడంలో ఇబ్బంది ఉన్నట్టే. మింగడాన్ని స్పీచ్ థెరపిస్టు పరీక్షించాలి. అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. వయసు మళ్లాక దాహం తెలియడం తగ్గిపోతుంది, అడిగితే తప్ప తాగరు. చర్మం పట్టి లాగి చూసే పరీక్ష ఈ వయసులో నమ్మదగ్గది కాదు, చర్మమే సాగిపోయి ఉంటుంది. గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా, ఆవిడ దాన్ని ఎత్తగలరా అన్నవి చూడండి. ఇంకోటి, చాలామంది కావాలనే నీళ్లు మానేస్తారు. బాత్రూమ్‌కు తీసుకెళ్లమని బెల్ కొడితే ఎవరూ త్వరగా రారని వాళ్లకు అప్పటికే అర్థమై ఉంటుంది. నీళ్లెందుకు తాగడం లేదని మెల్లగా ఆవిడనే అడగండి. ఆ జవాబుతోనే అక్కడి సంరక్షణ సగం తెలిసిపోతుంది.

మందుల డబ్బా:

పగటి మత్తు గురించి మాత్రమే చెప్తాను. నిద్ర మాత్ర పేరు, మోతాదు, ఇచ్చే సమయం, మూడూ కనుక్కోండి. వృద్ధుల ఒంట్లోంచి మందు నెమ్మదిగా బయటికి పోతుంది. డయాజెపామ్ లాంటివి రోజుల తరబడి పేరుకుంటాయి. జలుబుకూ దురదకూ ఇచ్చే పాత రకం అలెర్జీ మాత్రలను నిద్ర కోసం ఇస్తుంటే మతిమరుపు పెరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం బిగబడుతుంది. అలాగని మీరు మాత్ర ఆపించేయకండి. వీటిలో కొన్నిటిని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఆ తర్వాత మందుల చార్ట్ చూపించమనండి. ఇచ్చిన ప్రతి మోతాదుకూ సమయం, ఇచ్చినవారి పొట్టి సంతకం ఉండాలి. ఖాళీ గడి ఉంటే ఆ పూట ఇచ్చారో లేదో ఎవరికీ తెలియదన్నమాట. వారం మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే ఒక్కసారే కూర్చుని రాశారేమోనని అనుమానించాలి. "అవసరమైతే" అని రాసిన మందుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఎందుకు ఇచ్చారు, ఇచ్చాక ఏమైంది అన్నవి ప్రతిసారీ రాసి ఉండాలి. "అలజడిగా ఉంది" అన్న ఒక్క ముక్కతో రోజూ ఇస్తుంటే అది మనిషి కోసం కాదు, డ్యూటీ తేలిక కావడం కోసం. మతిమరుపు ఉన్న వృద్ధులకు అలజడి తగ్గడానికి తీవ్ర మానసిక వ్యాధులకిచ్చే మందులు (యాంటీసైకోటిక్స్) వాడితే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందు సమాచార పత్రంలో గడి కట్టిన హెచ్చరిక పెట్టించింది. అలాంటిది చార్ట్‌లో ఉంటే ఎవరు రాశారు, కుటుంబానికి ఎప్పుడు చెప్పారు అని అడగడం మీ హక్కు.

బీపీ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి ఇదీ చేయించండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడాలి. పై అంకె 20 మేర గానీ కింది అంకె 10 మేర గానీ తగ్గితే లేవగానే కళ్లు తిరిగి పడిపోయే ముప్పు ఉంది. బరువు 4.5 కిలోలు తగ్గాక కూడా పాత మోతాదే నడుస్తోందేమో డాక్టరును అడగాలి. రక్తం పల్చబడే మాత్ర మీద ఉన్నవారు పడిపోయి తలకు దెబ్బ తగిలితే, చూడ్డానికి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపలి రక్తస్రావం గంటల తర్వాత బయటపడొచ్చు. ఈ ఒక్క మాట హోమ్ వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పించి పెట్టుకోండి.

రికార్డు పుస్తకం:

పై ఇద్దరూ మనిషిని చూడమన్నారు. నేను కాగితాలూ గడియారమూ చూడమంటాను.

చేరినప్పుడు అసెస్‌మెంట్ చేసి ఉంటారు. స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం, ఈ ఆరింటిలో దేనికెంత సాయం కావాలో అందులో ఉంటుంది. దాన్ని బట్టే కేర్ ప్లాన్ రాస్తారు, నెలవారీ బిల్లూ చాలాచోట్ల దాన్నిబట్టే ఉంటుంది. కేర్ ప్లాన్ కాపీ తీసుకోండి. "స్నానంలో సాయం" అని మాత్రమే ఉంటే అది ప్లాన్ కాదు. వారానికి ఎన్నిసార్లు, ఏ వేళ, ఎంతమంది అని ఉండాలి. బరువు ఇంత తగ్గాక కూడా పాత తేదీతోనే ఉంటే దాన్ని ఎవరూ తెరిచి చూడలేదనే అర్థం.

సిబ్బంది గురించి "ఎంతమంది ఉన్నారు" అని అడిగితే జీతాల పట్టీలో ఉన్న అంకె చెప్తారు. ఇలా అడగండి: రాత్రి రెండింటికి మెలకువగా ఎంతమంది ఉంటారు, ఎంతమందిని చూస్తారు? వాళ్లలో లేపడానికి ఇద్దరు కావాల్సినవారు ఎందరు? ఒక గదిలో ఇద్దరూ పట్టుకుని ఉంటే మిగతా బెల్స్ ఎవరు చూస్తారు? సెలవు పెట్టినవారి బదులు ఎవరు వస్తారు, వాళ్లకు మీ అమ్మగారి సంగతి ఎలా తెలుస్తుంది? చివరి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. పని తెలిసిన మనిషి కూడా కొత్త చోట మొదటిరోజు ఎవరికి ఏ చెవి వినబడదో, ఎవరి ఏ చేయి బలహీనమో తెలియక తప్పులు చేస్తుంది.

ఒకే వేళకు వెళ్లకండి. ఉదయం లేపే సమయం, డ్యూటీ మారే సమయం, సెలవు రోజు సాయంత్రం, ఈ మూడూ చూస్తే నిజం తెలుస్తుంది. బెల్ నొక్కి గడియారం చూడండి. ఒకసారి ఆలస్యమైతే ఏమీ అనుకోకండి. నాలుగుసార్లలో మూడుసార్లు పదిహేను నిమిషాలు దాటితే రాసుకోండి. బెల్ చేతికి అందుతోందా, పడిపోయిందా, గోడకు చుట్టి పెట్టారా అన్నది అన్నిటికన్నా ముందు చూడాలి. ఇక వాసన. అప్పుడే ఎవరో తడుపుకుంటే వచ్చే వాసన ఎక్కడైనా ఉంటుంది. కుర్చీ దిండులో, పరుపులో పాతబడిన వాసన ఉంటే డైపర్ వేళకు మార్చడం లేదని అర్థం.

మీ భయం సంగతి. కోపం చూపిస్తారేమోనని ఊరుకుంటే ఇంకా వెనకబడిపోతారు. తరచూ వచ్చే, పేరు పెట్టి పలకరించే, బాగా చేసినరోజు బాగుందని చెప్పే కుటుంబాన్ని సిబ్బంది గుర్తుపెట్టుకుంటారు. ఆయాను నిలదీయకండి, ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. నర్సు ఇన్‌చార్జికి చెప్పండి, అదేరోజు మెయిల్ పెట్టండి. మెయిల్‌లో విశేషణాలు వద్దు, తేదీ, సమయం, చూసింది, కావాల్సింది చాలు. ఉదాహరణకు: "ఫలానా తేదీ 12:40కి పళ్లెం పెట్టారు, 12:58కి తీశారు, సగం మిగిలింది. పక్కన ఒకరు కూర్చుని తినిపించాలి, వారానికొకసారి తూచి మాకు పంపాలి." ఇలా రాస్తే కొట్టిపారేయడం కష్టం.

పొద్దుతిరుగుడు:

చాలా థాంక్స్ అండీ. ఈరోజు చార్ట్ చూపించమన్నాను. నిద్ర మాత్ర రాత్రి 7:30కే ఇస్తున్నారు. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటున్నారు. సాక్సు తీసి చూస్తే ఎడమ మడమ మీద రూపాయంత మచ్చ, పక్క చర్మం కన్నా ముదురు రంగులో ఉంది. నొక్కినా రంగు మారలేదు. ముట్టుకుంటే కొంచెం వెచ్చగా ఉంది. నడిచే మనిషికి కూడా ఇలా వస్తుందా?

నైట్‌షిఫ్ట్:

వస్తుంది. అది పడక పుండు మొదటి దశ కావొచ్చు, ఈరోజే నర్సుకు చూపించండి. నొక్కి వదిలితే రంగు పాలిపోయి తిరిగి రావాలి, అలా రావడం లేదంటే లోపల దెబ్బ మొదలైనట్టే. మన రంగు చర్మం మీద ఎరుపు తెలియదు, అందుకే చాలామంది దాటేస్తారు. వెచ్చదనం, గట్టిదనం, చుట్టూ ఉన్న చర్మంతో రంగు తేడా చూసి పోల్చుకోవాలి. మత్తులో మనిషి పక్కకు తిరగదు, కాలు కదపదు, మడమ గంటల తరబడి పరుపుకు ఒత్తుకుంటుంది. 7:30కి మాత్ర, చిక్కిన ఒళ్లు, రాత్రి ఒక్క మనిషి, అన్నీ కలిసి ఆ మచ్చగా తేలాయి.

పిక్క కింద పొడవునా దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా ఉంచాలి, మడమ కింద దిండు పెట్టకూడదు. మచ్చ మీద నూనె పెట్టి రుద్దకండి, లోపల నలిగిన కణజాలం ఇంకా చెడుతుంది. గుండ్రంగా మధ్యలో రంధ్రమున్న దిండ్లూ వద్దు, అంచు దగ్గర రక్తం ఆగిపోతుంది. మంచంలో ఉన్నంతసేపు సాధారణంగా రెండు గంటలకోసారి భంగిమ మార్చాలి. పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలు ఒరిగేలా తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడదు. కుర్చీలో అయితే ఇంకా తరచుగా కదిలించాలి, కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల ఎముకల మీదే ఉంటుంది. నడుము కింది ఎముక, తుంటి, మోచేతులు, చెవి వెనక కూడా చూడండి. పడక పుండ్ల ముప్పును కొలిచే బ్రేడెన్ స్కేల్ స్కోరు ఎంతని అడగండి. అది 6 నుంచి 23 వరకు ఉంటుంది, 18 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే ముప్పున్నట్టు. స్కోరే వేయలేదంటే మెయిల్‌లో ఆ ముక్క కూడా చేర్చండి. చర్మం చిట్లినా, నీటి బొబ్బ లేచినా, నల్లబడినా డాక్టరుకు అదేరోజు చూపించాలి.

రికార్డు పుస్తకం:

ఇప్పుడు కేర్ ప్లాన్ మీటింగ్ అడగండి, రెండు వారాల గడువు పెట్టండి. మచ్చ ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి, తేదీ వచ్చేలా చూడండి. మీటింగ్‌లో నాలుగే అడగండి: నిద్ర మాత్రను డాక్టరు మళ్లీ చూడటం, వారానికోసారి బరువు, భోజనం దగ్గర ఒక మనిషి, రాత్రి భంగిమ మార్చినట్టు సమయంతో రాత. ఎవరు చేస్తారు, ఎప్పటి నుంచి అని పేర్లతో రాయించుకోండి.

రెండు వారాల తర్వాత బరువు నిలబడి, మచ్చ తగ్గుతూ ఉంటే ఉంచండి. చోటు మార్చడం కూడా ఈ వయసులో చిన్న దెబ్బ కాదు. రాసినవి చేయకుండానే చేసినట్టు గడులు నింపినా, పడిపోయిన సంగతి మీకు మర్నాడు తెలిసినా, నడుం మీదో భుజం లోపలివైపో వేళ్ల గుర్తుల్లాంటి కమిలిన మచ్చలు కనిపించి ఎవరూ కారణం చెప్పలేకపోయినా మీటింగులతో పనిలేదు, లైసెన్సు ఇచ్చే అధికారులకు ఫిర్యాదు పెట్టి ఇంకో చోటు వెతకండి. దానికి ముందు ఒప్పందంలో మూడు క్లాజులు చదవండి: ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల నోటీసు, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, ఆసుపత్రిలో ఉన్న రోజులకు గది అద్దె పడుతుందా. కొత్త చోటుకు వెళ్లేరోజు మందుల చార్ట్ కాపీ, చివరి మూడు బరువులు, చర్మం మీద ఉన్న ప్రతి మచ్చ ఫోటో మీ చేతిలో ఉండాలి. అక్కడి నర్సు ముందే సాక్సు తీసి చూపించి, రాయించి సంతకం పెట్టించండి.