సర్కారు వాడకం ఖర్చు జీడీపీల పదో వంతు, గిది ఎక్కువనా తక్కువనా?

దేవరకొండ పోరడు:
అన్నలు, గ్రూప్స్‌కు చదువుతున్న. నిన్న నల్లగొండ లైబ్రరీ బయట చాయ తాక్కుంట మా దోస్తుతోని గట్టిగ వాదన పడ్డది. సర్కారు జీతాలకు, మందులకు, ఆఫీసుల కరెంటుకు పెట్టే ఖర్చు, పుస్తకాలల్ల ప్రభుత్వ అంతిమ వినియోగ వ్యయం అని రాస్తరు, మన దేశంల జీడీపీకి నూటికి పది పదకొండు దాక ఉంటది. వాడేమో గిదంత దండుగ, సగం కోసి ఆ పైసలు ప్రాజెక్టులకు పెట్టాలె అంటడు. వాని మాట నాకు మింగుడు పడలే కని జవాబు చెప్పరాలే. మీరేమంటరు?

మిర్యాలగూడ మిల్లు:
మీ దోస్తు చెప్పింది కరెక్టే తమ్ముడు. నూటికి పది రూపాయలు జీతాలకు, ఫించన్లకు, రైతు భరోసాకు (ముందుగాల రైతుబంధు అంటుండె) పోతే ఇగ దేశంల పెట్టుబడి ఏడికెల్లి వస్తది. నేను మిల్లు నడుపుత, మా దగ్గర బాయిలర్ రిపేరుకు పెట్టిన పైసకు లెక్క ఉంటది, ఉత్తగ కూసున్నోనికి జీతం ఇచ్చుడు ఉండదు. ఒక్క సంతకం కోసం ఒక ఆఫీసుకు మూడు వారాలు తిరిగిన, ఆ కుర్చీ ఖాళీగనే ఉండె, జీతం మాత్రం నెల నెల పడ్తనే ఉన్నది. దాన్ని కూడ దేశ ఉత్పత్తి అని జీడీపీల ఎట్ల కలుపుతరో నాకు సమజ్ కాదు.

పాలమూరు ఎకనామిక్స్ సార్:
మిల్లు అన్న, నీ ఆఖరి ప్రశ్న గట్టిది, దానికి వస్త. ముందుగాల ఒకటి సరిచేస్త, నువ్వు వేరే వేరే ఖాతాలు ఒక్క గంపల పోసినవ్. రైతుబంధు 2018ల ఎకరాకు సీజన్‌కు నాలుగు వేలతోని షురువైంది కద, ఆ పైసలు ఈ పదిల లేనే లేవు. ఆసరా ఫించను కూడ లేదు. అవి బదిలీలు, సర్కారు ఖాతాలకెల్లి ముసలవ్వ చేతిల పడ్డయ్ అంతే, ఆ అవ్వ చాయపత్తా కొన్ననాడు అది ఇంటోళ్ల వినియోగం కింద లెక్కకు వస్తది. అప్పుల మీద మిత్తి కూడ ఇండ్ల రాదు. కాలువలు, రోడ్లు పెట్టుబడి ఖాతా. ఇగ మిగిలేది టీచర్లు, నర్సులు, పోలీసులు, మిలిటరీ, వాళ్లు పని చేసేటందుకు కొనే సామాను, బిల్డింగుల తరుగుదల.

ఈ వాటా ప్రపంచం మొత్తంల సగటున 16, 17 దగ్గర ఉంటది. స్వీడన్‌ల 26 దగ్గర, బంగ్లాదేశ్‌ల ఆరు దగ్గర. తక్కువుంటేనే దేశం బాగుపడ్తది అంటే బంగ్లాదేశ్ ఎప్పుడో స్వీడన్‌ను దాటిపోవాలె.

ప్రాజెక్టులకే పెట్టాలె అన్న మాట కూడ చూద్దం. ఊర్లె ట్యాంకు కట్టుడు పెట్టుబడి. పొద్దుగాల వాల్వు తిప్పే పంచాయతీ వర్కర్ జీతం, ట్యాంకుల కలిపే బ్లీచింగ్ పౌడరు వాడకం ఖర్చు. రెండోది కోసేస్తే ట్యాంకు ఉత్త దిమ్మె లెక్క నిలబడ్తది, నల్లాల సుక్క రాదు.

మర్రిగూడ అక్క:
సార్, నాకు పర్సెంటేజీలు అంతగనం తెల్వయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాక ముందు మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడే, మా అత్తమ్మ మోకాళ్లు ఆ నీళ్లతోనే వంగినయ్. దాని మీద షుగరు, బీపీ. సర్కారు దవఖానకు తీస్కపోతే బీపీ గోలీలు ఇచ్చిన్రు, షుగరువి అయిపోయినయ్ అని చిన్న చీటి మీద రాసి బయట కొనుక్కోమన్నరు. రక్తం కూడ బయటనే తీపిచ్చినం. పోయిన నెల మొత్తం 740 రూపాయలు అయినయ్, చీటిలు అన్ని బియ్యం డబ్బా మీద పెట్టిన. ఆ 740 మీ జీడీపీల యాడ పడ్తది సార్?

పాలమూరు ఎకనామిక్స్ సార్:
అమ్మా, ఇంత సేపు నేను చెప్పినదానికంటె నీ ప్రశ్న పెద్దది. ఆ 740 ఇంటోళ్ల వినియోగంల పడ్తది. అవే గోలీలు దవఖానల ఉంటే సర్కారు వాడకంల పడుతుండె. అంటే దవఖానల మందులు లేకుంటే సర్కారు వాటా చిన్నగ కనపడ్తది, పొదుపు చేసినట్టు. గోలీలు మింగుడు ఆగలే, పైసలు మాత్రం మీ ఇంట్లకెల్లి పోయినయ్. సర్కారు బడిల అయిదు తరగతులకు ఒక్క టీచరే ఉంటే తల్లిదండ్రులు పిల్లలను ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కిస్తరు, ఆ ఫీజు కూడ అట్లనే.

మిర్యాలగూడ మిల్లు:
అక్క చెప్పినదానికి నేను ఎదురు చెప్ప. రైతుబంధు సంగతి నాకు తెల్వకుండె, ఒప్పుకుంటున్న. కని సార్, నా ప్రశ్నకు జవాబు ఇయ్యలే. 2016ల కేంద్రంల ఏడో వేతన సంఘం జీతాలు పెరిగినయ్, ఆ ఏడు ఒక్క ఫైలు అన్న జల్ది కదిలిందా? ఖర్చు పెంచుడు వేరు, అది అక్క చేతిల గోలీ అయ్యుడు వేరు.

పాలమూరు ఎకనామిక్స్ సార్:
కరెక్ట్, గీడ నీ దిక్కే ఉన్న. సర్కారు సేవకు బజార్ల ధర లేదు, అందుకే అది ఎంత ఖర్చయితే అంత విలువ అని రాసుకుంటరు. టీచరు బడికి వచ్చినా రాకున్నా ఆ ఏడు రాసే అంకె అంతే. అందుకే పది చాలదని నేను అంటున్నా గని, ఉట్టిగ పదిని పదిహేను చేయమంట లేను. ఖాళీ కుర్చీ నిండాలె, మందుల రూమ్‌ల డబ్బాలు నిండాలె, దానికయ్యే ఖర్చు పెట్టుడే. ఇంకొకటి, ఇది వాటా కాబట్టి కిందున్న జీడీపీ తగ్గినా పెరుగుతది, 2020ల లాక్‌డౌన్లప్పుడు చాలా దేశాలల్ల అట్లనే అయింది. తమ్ముడు, పరీక్షల గిది అడిగితె మర్సిపోకు.

దేవరకొండ పోరడు:
నోట్స్ రాసుకున్న సార్. అక్కా, ఆ చీటిల ఫొటో పెడ్తవా, మా దోస్తుకు చూపెడ్త.

మర్రిగూడ అక్క:
పేరు కనపడకుండ మడిచి పెడ్త తమ్ముడు. శుక్రవారం మళ్ల పోయేది ఉంది. ఈ సారి ఏవి లోపట ఇచ్చిన్రు, ఏవి బయట రాసిన్రు, రెండు వరుసలల్ల రాసుకొస్త. మిల్లు అన్నా, నీ మిల్లుల పని చేసేటోళ్ల ఇండ్లల్ల కూడ అడిగి రాయి, వాళ్లకు నెలకు ఎంత పోతున్నదో.